ఒకే స్వరం రెండుసార్లు ఒకేలా ఎందుకు రాదు? మెదడులోని నాయిస్ గురించి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఏళ్ల తరబడి వాద్యం సాధన చేస్తున్నా ఒకే స్వరం ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో పలుకుతోంది. మెదడులో ‘నాయిస్’ (సిగ్నల్‌లో కలిసే క్రమంలేని తేడా) ఉంటుందనీ, న్యూరాన్లు (నాడీకణాలు) కొంతవరకు యాదృచ్ఛికంగా పనిచేస్తాయనీ ఎక్కడో చదివారు. అది లోపమా, మెదడుకు దానితో ఏమైనా పని ఉందా, మన స్వేచ్ఛ అక్కడి నుంచే వస్తుందా అని అడిగారు. చివరి ప్రశ్నకు చిన్న జవాబు చాలు. మొదటి రెండింటికీ కాస్త ఓపిగ్గా కూర్చోవాలి.

నేను ఇరవై ఏళ్లకు పైగా న్యూరాన్ల పక్కన ఎలక్ట్రోడ్లు పెట్టి వాటి సిగ్నళ్లు రికార్డ్ చేసే పనిలో ఉన్నాను. కొత్తలో నన్ను బాగా కలవరపెట్టిన రాత్రి ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే సిగ్నల్‌ను స్పీకర్‌కు కలుపుతాం. న్యూరాన్ స్పైక్ (క్షణికమైన విద్యుత్ సిగ్నల్) ఇచ్చినప్పుడల్లా ‘టప్’ మని వినిపిస్తుంది. ఆ రోజు చూపుకు సంబంధించిన కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) ఒక మంచి న్యూరాన్ దొరికింది. తెర మీద ఏటవాలు గీత కదిలితే చాలు, చిటపటమని పలికేది. అదే గీత, అదే వేగం, అదే వెలుతురు. ఒకసారి పన్నెండు స్పైకులు. మరోసారి ఆరు. ఆ తర్వాత తొమ్మిది. ఇంకోసారి నాలుగే. వైరు వదులైందేమో అని చూశాను. ఎర్తింగ్ సరిచూశాను. యాంప్లిఫయర్ మార్చాను. చివరికి తేలిందేమిటంటే పరికరాల్లో ఏ లోపమూ లేదు, ఆ న్యూరాన్ తీరే అంత. కార్టెక్స్‌లో చాలా న్యూరాన్లు ఇంతే. స్పైకుల సంఖ్యలోని వేరియన్స్ (సగటు నుంచి ఉండే తేడాల వర్గాల సగటు) దాదాపు వాటి సగటుతో సమానంగా ఉంటుంది. సగటున తొమ్మిది స్పైకులు ఇచ్చే న్యూరాన్ ఆరుకీ పన్నెండుకీ మధ్య ఊగడం మామూలే, అప్పుడప్పుడూ ఆ హద్దులూ దాటుతుంది.

ఇలాంటి కణాలతోనే మనం సూదిలో దారం ఎక్కిస్తున్నాం, గుంపులో తెలిసిన గొంతు గుర్తుపడుతున్నాం. అదెలా సాధ్యం అన్నదే ఈ విషయంలో నన్ను ఇన్నేళ్లూ పట్టి ఉంచింది.

ఇన్నేళ్ల పనిలో నాకు బలపడిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘నాయిస్’ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. అణువుల స్థాయిలో నిజంగానే పుట్టే యాదృచ్ఛికత ఒకటి. చూసేవాళ్లకు అర్థం కాక నాయిస్ అని పేరు పెట్టిన సిగ్నల్ రెండోది. మెదడు తనంత తానుగా, ఒక ప్రత్యేకమైన చోట, అవసరమైనప్పుడు పుట్టించే తేడా మూడోది. ఈ మూడింటినీ విడదీయకుండా నాయిస్ మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరు ఏ జవాబు చెప్పినా సగమే నిజమవుతుంది.

మొదటిదాన్ని దగ్గరి నుంచి చూద్దాం. న్యూరాన్ పైపొరలో అయాన్ చానళ్లు ఉంటాయి. ఇవి ప్రోటీన్‌తో చేసిన అతి చిన్న తలుపులు. ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో ఒకే ఒక్క చానల్ గుండా పారే కరెంటును కొలిచి చూపించారు. 1991లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రికార్డింగ్ మీరు ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు. తెర మీద గీత అడుగున నిదానంగా పోతుంటుంది. ఉన్నట్టుండి నిటారుగా ఒక మెట్టు ఎక్కుతుంది, కాసిని మిల్లీసెకన్లు అక్కడే నిలబడుతుంది, మళ్లీ టక్కున దిగిపోతుంది. మెట్టు ఎత్తు ప్రతిసారీ ఒకటే, కొన్ని పికోఆంపియర్లు. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎంతసేపు తెరిచి ఉంటుందో మాత్రం ఏ రెండుసార్లూ ఒకటి కాదు. వోల్టేజ్ మారిస్తే తెరుచుకునే అవకాశం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఫలానా క్షణంలో తెరుచుకో అని ఆజ్ఞాపించడం మాత్రం కుదరదు. శరీరంలోని వేడికి అణువులన్నీ ఎడతెగకుండా ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి, ఆ కుదుపుల్లోనే తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. దీన్ని వివరించడానికి కొందరు క్వాంటమ్ సిద్ధాంతం దాకా పోతుంటారు. అంత దూరం పోనక్కర్లేదు, వేడి చాలు.

ఇక సినాప్స్, అంటే న్యూరాన్ తన కబురును మరో కణానికి అందించే చోటు. పాల్ ఫాట్, బెర్నార్డ్ కాట్జ్ 1952లో ప్రచురించిన ప్రయోగాల్లో కప్ప కండరంలోకి ఎలక్ట్రోడ్ పెట్టి, నరాన్ని ముట్టుకోకుండా ఊరికే గమనించారు. ఏ ఆదేశమూ లేకుండానే కండరంలో అర మిల్లీవోల్టు ఎత్తున చిన్న చిన్న బుడిపెలు, ఎప్పుడు పడితే అప్పుడు, లేస్తూ కనిపించాయి. పరికరంలోని చప్పుడు అని ఎవరైనా కొట్టిపారేసే సైజు అది. వాళ్లు కొట్టిపారేయలేదు. 1954లో హోసే డెల్ కాస్టియోతో కలిసి కాట్జ్ దాని అర్థం తేల్చాడు. నరం కొసలో రసాయనం చిన్న చిన్న పొట్లాలుగా ఉంటుంది. ఒక్కో బుడిపె ఒక్కో పొట్లం. కాల్షియం తగ్గించి నరాన్ని ప్రేరేపిస్తే కొన్నిసార్లు ఒక పొట్లం, కొన్నిసార్లు రెండు, కొన్నిసార్లు అసలేమీ రాదు. ఎన్నిసార్లు ఏమీ రాదో ప్వాసాన్ సంభావ్యతా సూత్రంతో ముందే లెక్కగడితే ప్రయోగంలో వచ్చిన అంకె దానికి సరిపోయింది. జీవకణం పాచికలు వేస్తున్నట్టు పనిచేస్తుందని అంత స్పష్టంగా చూపిన ప్రయోగం నాకు తెలిసి అంతకు ముందు లేదు.

మామూలు స్థితిలో కప్ప నరం నుంచి కండరానికి వెళ్లే సినాప్స్‌లో ఒక్క స్పైక్‌కి సుమారు వంద, అంతకు పైగా కూడా పొట్లాలు విచ్చుకుంటాయి. అందుకే అక్కడ ఆదేశం తప్పిపోదు. మెదడు లోపల అలా కాదు. చాలా సినాప్సుల్లో ఒక స్పైక్‌కి ఒక పొట్లం విచ్చుకుంటుంది, లేదా ఏదీ విచ్చుకోదు. పది స్పైకులు పంపితే ఏడెనిమిదింటికి జవాబే ఇవ్వని సినాప్సులు హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు ముఖ్యమైన మెదడు భాగంలో) కొల్లలు.

ఇంత నాసిరకం సినాప్సులతో మెదడు ఎందుకు సర్దుకుపోయింది అని చదివినవాళ్లందరికీ అనిపిస్తుంది. కారణాల్లో ముఖ్యమైనది ఖర్చు. యాదృచ్ఛికంగా పనిచేసే భాగాలను కలిపి సగటు తీస్తే వచ్చే మెరుగుదల వాటి సంఖ్యకు వర్గమూలం మేరకే ఉంటుంది. నాయిస్ సగానికి తగ్గాలంటే చానళ్లు, పొట్లాలు నాలుగు రెట్లు కావాలి. పదో వంతుకు తగ్గాలంటే వంద రెట్లు కావాలి. మెదడు శరీర బరువులో 2 శాతమే ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం ఇప్పటికే తీసుకుంటోంది. జాగా సమస్య కూడా ఉంది. చిట్టెలుక కార్టెక్స్‌లో ఒక్క ఘన మిల్లీమీటరులో సుమారు 4 కిలోమీటర్ల ఆక్సాన్ (న్యూరాన్ కబురును మోసుకెళ్లే తీగ) కుక్కి ఉంటుంది. సన్నగా ఉంటేనే అంత పడుతుంది. ఎంత సన్నగా ఉండొచ్చు? ఆల్డో ఫైజల్, జాన్ వైట్, సైమన్ లాఫ్లిన్ 2005లో లెక్కగట్టారు. ఆక్సాన్ మందం 0.1 మైక్రోమీటరు కన్నా తగ్గితే ఒక్క సోడియం చానల్ తనంత తాను తెరుచుకున్నా స్పైక్ పుట్టేస్తుంది, ఎవరూ పంపని కబురు అవతలికి చేరిపోతుంది. మెదడులో కనిపించే అతి సన్నని ఆక్సాన్లు సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగిపోయాయి. అంటే నాయిస్ మెదడు కొలతలనే నిర్ణయిస్తోంది.

ఈ నాయిస్‌ను మెదడు ఎంత నేర్పుగా అదుపులో పెడుతుందో తెలియాలంటే చీకట్లో కన్ను చూడాలి. నాకు అత్యంత ఇష్టమైన ఉదాహరణ ఇది.

మసక వెలుతురులో మనకు చూపునిచ్చేవి రెటీనాలోని (కంటి వెనక పొరలోని) రాడ్ కణాలు. ఒక్కో రాడ్‌లో వెలుతురును పట్టే రొడాప్సిన్ అణువులు పది కోట్లకు పైగా ఉంటాయి. ఒక్క ఫోటాన్ (వెలుతురు రేణువు) వచ్చి ఒక్క అణువును తాకినా రాడ్ గుర్తిస్తుంది. అయితే వెలుతురు ఏమీ లేకపోయినా వేడి వల్ల అప్పుడప్పుడూ ఒక అణువు తనంత తాను మారిపోతుంది. ఆ సిగ్నల్ ఫోటాన్ తెచ్చే సిగ్నల్‌తో అచ్చుగుద్దినట్టు ఉంటుంది. డెనిస్ బేలర్ బృందం 1984లో కోతి రాడ్లలో కొలిస్తే అలాంటి తప్పుడు సిగ్నల్ ఒక్కో రాడ్‌లో సుమారు 160 సెకన్లకు ఒకసారి వచ్చింది. పది కోట్ల అణువులున్న చోట రెండున్నర నిమిషాలకు ఒక్కటే పొరపాటంటే ఆ అణువు ఎంత స్థిరమైందో ఊహించండి. ఒక్కో అణువు లెక్కన చూస్తే వందల ఏళ్లకు ఒకసారి! అయినా మనిషి కంట్లో తొమ్మిది కోట్లకు పైగా రాడ్లున్నాయి. గుణించి చూడండి. కారు చీకట్లో కూడా ఒక్కో కంటి నుంచి సెకనుకు ఐదారు లక్షల తప్పుడు మెరుపులు బయల్దేరుతుంటాయి. అవన్నీ మీ దాకా వస్తే చీకటి అన్నదే మీకు తెలిసేది కాదు. రాడ్ తర్వాతి సినాప్స్ చిన్న సిగ్నళ్లను చాలావరకు ఆపేస్తుంది, ఆపైన దగ్గర దగ్గరి రాడ్ల నుంచి దాదాపు ఒకేసారి వచ్చిన సిగ్నళ్లకే విలువ దక్కుతుంది. హెక్ట్, ష్లేర్, పిరెన్ 1942లో మనుషుల మీద చేసిన ప్రయోగంలో మెరుపు కనిపించిందని చెప్పడానికి రెటీనా పీల్చుకోవలసిన ఫోటాన్లు 5 నుంచి 14 మాత్రమే అని తేలింది.

అందులోనే మరో గొప్ప సంగతి ఉంది. అదే మసక మెరుపును పదే పదే చూపిస్తే మనిషి ఒకసారి కనిపించిందంటాడు, ఒకసారి లేదంటాడు. మనిషి తడబడుతున్నాడు అనుకోవడం సహజం. నిజానికి ఆ తేడాలో పెద్ద వాటా వెలుతురుదే. అంత మసక మెరుపులో ఎన్ని ఫోటాన్లు ఉంటాయన్నదే ప్రతిసారీ మారుతుంది. తడబాటు ఎక్కడ పుట్టిందో కనిపెట్టకుండా ఎవరి నెత్తినా వేయకూడదని నాకు నేర్పిన ప్రయోగం ఇది.

వేడే కారణమని రుజువేంటి అంటారా? ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు 1988లో కప్పల మీద చేసిన పని ఉంది. కప్పల ఒంటి వేడి పరిసరాలను బట్టి మారుతుంది కదా, చల్లగా ఉన్నప్పుడు అవి మరింత మసక వెలుతురులో చూడగలిగాయి. వేడెక్కితే ఆ శక్తి తగ్గింది. అణువుల నాయిస్ తగ్గిన మేరకు చూపు పెరిగింది.

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. ఆ రాత్రి నన్ను ఏడిపించిన న్యూరాన్‌లో ఉన్నదంతా అణువుల నాయిసేనా? కాదని 1995లో జాకరీ మెయినెన్, టెరెన్స్ సెజ్నోస్కీ చూపించారు. ఎలుక కార్టెక్స్ ముక్కలోని న్యూరాన్‌కు నిలకడగా ఒకే మోతాదు కరెంటు ఇస్తే మొదటి స్పైక్ ప్రతిసారీ ఒకే సమయానికి వచ్చింది, తర్వాతివి చెదిరిపోయాయి. అదే న్యూరాన్‌కు ఎగుడుదిగుడుగా ఊగే కరెంటు ఇచ్చి, అదే ఊపును మళ్లీ మళ్లీ ఇస్తే స్పైకులు ఒక మిల్లీసెకను కన్నా తక్కువ తేడాతో ప్రతిసారీ అదే చోట పడ్డాయి. న్యూరాన్ తాను అంత తడబడే కణమేమీ కాదు. దానికి అందే ఇన్‌పుటే ప్రతిసారీ వేరు.

మరి ఇన్‌పుట్ ఎందుకు వేరవుతుంది? అమోస్ అరియెలి బృందం 1996లో పిల్లి మెదడులో చూపిన జవాబు నాకు చాలా నచ్చుతుంది. బొమ్మ చూపించకముందే కార్టెక్స్‌లో అలలు లేస్తూ పడుతూ ఉంటాయి. బొమ్మకు వచ్చే స్పందన ఆ అల మీద పడుతుంది. బొమ్మ చూపించిన క్షణంలో అల ఎక్కడుందో తెలిస్తే ఆ ఒక్కసారి స్పందన ఎలా ఉంటుందో చాలావరకు ముందే చెప్పొచ్చు. ఇక 2019లో వచ్చిన ఫలితాలు మాలాంటి వాళ్లందరినీ మళ్లీ ఆలోచనలో పడేశాయి. కార్సెన్ స్ట్రింగర్, మరియస్ పాచిటారియు, వాళ్ల సహచరులు చిట్టెలుక చూపు కార్టెక్స్‌లో పది వేల న్యూరాన్లను ఒకేసారి గమనించారు, పక్కనే కెమెరాతో దాని మొహాన్నీ చిత్రించారు. ఎలుక మీసాలు కదిల్చినా, ముక్కు ఎగరేసినా, కాళ్లు ఆడించినా ఆ న్యూరాన్లలో కదలిక వచ్చింది. ఇన్నాళ్లూ నాయిస్ అని సగటు తీసి పారేసిన దాంట్లో చెప్పుకోదగ్గ భాగం ఆ ప్రాణి ఏం చేస్తోందన్న సమాచారమే. ఎన్ని రికార్డింగుల్లో ఎంత సమాచారాన్ని మేం నాయిస్ పేరుతో పక్కన పెట్టామో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాచికలేవీ వేయకపోయినా యాదృచ్ఛికంగా కనిపించే ప్రవర్తన పుట్టొచ్చు. కార్టెక్స్ న్యూరాన్‌కు వేల సినాప్సులుంటాయి. ఉత్తేజపరిచేవీ అణిచేవీ దాదాపు సరిసమానంగా లాగుతుంటాయి. రెండు వైపులా సమానంగా లాగే తాడులా, చిన్న తేడా వచ్చినప్పుడే న్యూరాన్ స్పైక్ ఇస్తుంది. కార్ల్ వాన్ వ్రీస్‌వైక్, హైమ్ సొంపొలిన్‌స్కీ 1996లో గణితంతో చూపించారు: ఇలాంటి నెట్‌వర్క్‌లో బయటి నుంచి ఏ నాయిస్ కలపకపోయినా స్పైకులు క్రమం తప్పి, పాచికలు వేసినట్టే వస్తాయి. దీన్నే కేయాస్ అంటారు. 2010లో మైకేల్ హాయిజర్, పీటర్ లేథమ్ బృందం ఎలుక కార్టెక్స్‌లో ఒక న్యూరాన్‌కు ఒక్క స్పైక్ అదనంగా కలిపితే ఏమవుతుందో లెక్క తీసింది. దాని తర్వాతి న్యూరాన్లలో మొత్తం మీద సుమారు 28 అదనపు స్పైకులు వచ్చాయి. గోరంత తేడా కొండంత అవుతుందన్నమాట. అంటే ఒకటో రకం నాయిస్ రెండో రకం ద్వారా పెద్దదవుతుంది. అందుకే ఒక రికార్డింగ్ చూసి ఇందులో ఇంత శాతం నిజమైన నాయిస్ అని చెప్పేవాళ్ల మాట నేను తొందరగా నమ్మను.

పోనీ, ఒక్కో న్యూరాన్ తడబడితే ఏం, లక్షల్లో ఉన్నాయిగా, సగటు తీస్తే సరిపోదా? ఇది ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న. ఎవరి తప్పు వాళ్లు చేస్తే సగటులో తప్పులు పోతాయి. అందరూ ఒకే తప్పు చేస్తే పోవు. ఎహుద్ జొహారీ, మైకేల్ షాడ్లెన్, విలియం న్యూసమ్ 1994లో కోతి మెదడులో పక్కపక్క న్యూరాన్ల తడబాట్ల మధ్య పోలిక సగటున 0.12 (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే పూర్తి పోలిక) అని కొలిచారు. అంకె చిన్నదే. కానీ ఆ మాత్రం పోలిక ఉంటే వంద న్యూరాన్లు దాటాక ఎన్ని కలిపినా పెద్దగా లాభం లేదు. ఇక ఏకాగ్రత సంగతి. మార్లీన్ కోయెన్, జాన్ మౌన్‌సెల్ 2009లో చూపించింది ఏమిటంటే, కోతి ఒక చోట దృష్టి నిలిపినప్పుడు న్యూరాన్లు గట్టిగా పలకడం వల్ల కలిగే మేలు కన్నా వాటి తడబాట్ల మధ్య పోలిక తగ్గడం వల్ల కలిగే మేలే ఎక్కువ. మనసు పెట్టి వినడం అంటే మెదడు భాషలో చాలావరకు అదే: న్యూరాన్లు కూడబలుక్కుని తప్పు చేయకుండా చూడటం.

నాయిస్ సాయం చేసే సందర్భాలూ ఉన్నాయి. స్టోకాస్టిక్ రెజొనెన్స్ అని పేరు. ఒక గడప ఉందనుకోండి, సిగ్నల్ దాని కన్నా కొంచెం పొట్టిది. ఎప్పటికీ దాటలేదు. దానికి కాస్త నాయిస్ కలిపితే సిగ్నల్ పైకి లేచిన క్షణాల్లో అప్పుడప్పుడూ గడప దాటుతుంది, ఆ దాటడాల్లో సిగ్నల్ ఆకారం కనిపిస్తుంది. మోతాదు మించితే అంతా గందరగోళమే. పాడిల్‌ఫిష్ అనే చేప నీటిలో తేలే అతి చిన్న ప్రాణుల విద్యుత్తును పసిగట్టి వేటాడుతుంది. 1999లో డేవిడ్ రసెల్, లాన్ విల్కెన్స్, ఫ్రాంక్ మాస్ నీటిలో తగుమాత్రం విద్యుత్ నాయిస్ కలిపితే ఆ చేప మరింత దూరంలోని ఎరను కూడా పట్టింది, నాయిస్ పెంచేస్తే పట్టలేకపోయింది. పెద్ద వయసువాళ్ల అరికాళ్ల కింద, వాళ్లకు తెలియనంత సన్నటి కంపనం పెడితే నిలబడినప్పుడు తూలడం తగ్గిందని 2003లో జేమ్స్ కాలిన్స్ బృందం చూపించింది. ఇవి నిజమైన ఫలితాలు. అయితే వీటిని చూపించి, చెవుల్లో హోరు పెట్టుకుంటే తెలివి పెరుగుతుందని చెప్పే వీడియోలను నమ్మకండి. గడప కింద చిక్కుకున్న బలహీనమైన సిగ్నల్ ఉన్నప్పుడే, సరైన మోతాదులోనే ఈ సాయం అందుతుంది.

మూడో రకమే నాకు అన్నింటికన్నా ముఖ్యం. మీ ప్రశ్నకు అసలు జవాబు కూడా అక్కడే ఉంది.

జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట ఉంది. మగ పిల్ల తండ్రి పాట విని, దాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాత తాను పాడటం మొదలుపెడుతుంది. మొదట పసిపిల్లల ఊకొట్టుడులా ఉంటుంది. ఏ ముక్కా రెండుసార్లు ఒకేలా రాదు. స్థాయి (పిచ్) మారుతుంది, పొడవు మారుతుంది, వరస మారుతుంది. మూడు నెలల వయసుకు పాట కుదురుకుంటుంది, ఇక జీవితాంతం దాదాపు అదే పాట. ఆ మొదటి గందరగోళం చేతకానితనం వల్ల వచ్చిందని, గొంతు కండరాలు ఇంకా కుదురుకోలేదని ఎవరైనా అనుకుంటారు. బెన్స్ ఒల్వెస్కీ, ఆరన్ అండల్మన్, మైకేల్ ఫీ 2005లో ఆ పిట్ట మెదడులోని ఎల్‌మాన్ అనే చిన్న ప్రాంతాన్ని మందుతో కొద్దిసేపు నిద్రపుచ్చారు. పిల్ల పాట అప్పటికప్పుడు నిలకడగా మారిపోయింది! ఒకే ముక్క, ఒకే తీరుగా, మళ్లీ మళ్లీ. మందు ప్రభావం దిగగానే మళ్లీ పాత తడబాటు. అంటే గొంతుకు నిలకడగా పాడే శక్తి అప్పటికే ఉంది. తడబాటును మెదడులోని ఒక విభాగం పనిగట్టుకుని కలుపుతోంది.

మరి ఆ విభాగాన్ని శాశ్వతంగా తీసేస్తే పిట్ట తొందరగా మంచి పాటగాడు అవుతుందా? 1984లోనే సారా బాట్జర్ బృందం ఆ పని చేసి చూసింది. పెద్ద పిట్టల్లో తీసేస్తే పాట చెక్కుచెదరలేదు. పిల్లల్లో తీసేస్తే ఆ పాట ఎదగలేదు, తండ్రి పాటను ఎప్పటికీ అందుకోలేకపోయింది. తప్పులు చేయడం ఆగిపోయింది కాబట్టి నేర్చుకోవడమూ ఆగిపోయింది.

పెద్ద పిట్టలోనూ ఈ తేడా పూర్తిగా పోదు. ఒంటరిగా పాడేటప్పుడు స్థాయి కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఆడపిట్ట ఎదుట పాడేటప్పుడు ఆ ఊగిసలాట తగ్గిపోతుంది. అదే పిట్ట, అదే గొంతు, అదే పాట. సాధనకు ఒక తీరు, సభకు ఒక తీరు. మిమీ కావ్, ఆలిసన్ డూప్, మైకేల్ బ్రెయినార్డ్ 2005లో ఈ మార్పు వెనక కూడా ఎల్‌మానే ఉందని చూపించారు. ఆ మిగిలిన కొద్దిపాటి ఊగిసలాటతో ఏం పని? 2007లో ఎవ్రెన్ టూమర్, బ్రెయినార్డ్ దానికి దగ్గరి చుట్టమైన బెంగలీస్ ఫించ్ మీద చేసిన ప్రయోగం చూడండి. ఒక స్వరం స్థాయి ఒక గీత కన్నా తగ్గినప్పుడల్లా కంప్యూటర్ ‘హుష్’ మని హోరు వినిపిస్తుంది. పైన ఉంటే ఏమీ అనదు. పిట్టకు ఆ స్వరం ఒక్కోసారి ఒక్కో పిసరు తేడాతో వస్తుంది కాబట్టి ఏ తేడాకు హోరు రాదో తెలుసుకోగలిగింది, కొద్ది గంటల్లోనే స్వరాన్ని పైకి జరుపుకుంది. అన్నిసార్లూ కచ్చితంగా ఒకేలా పాడే పిట్టకు ఏది ఎటు మార్చాలో తెలిసే దారే లేదు.

మనుషుల్లోనూ ఇది కొంతవరకు కనిపించింది. హోవర్డ్ వూ, మారిస్ స్మిత్, ఒల్వెస్కీ తదితరులు 2014లో చేసిన ప్రయోగంలో, శిక్షణకు ముందు చేతి కదలికలో తేడా ఎక్కువగా ఉన్నవాళ్లు, ఆ తేడా నేర్చుకోవలసిన దిశలోనే ఉంటే, తొందరగా నేర్చుకున్నారు.

స్వేచ్ఛ గురించి: బెంజమిన్ లిబెట్ 1983 ప్రయోగంలో చెయ్యి కదపాలన్న కోరిక మనిషికి తెలియక ముందే మెదడులో ఒక సిగ్నల్ నెమ్మదిగా పెరగడం కనిపించింది, మెదడు ముందే నిర్ణయించేసింది అని ప్రచారమైంది. ఆరన్ షుర్గర్ బృందం 2012లో మరో వివరణ ఇచ్చింది. నెమ్మదిగా ఊగే నాయిస్ ఒక గడపను తాకినప్పుడు కదలిక మొదలవుతుందనీ, కదలిక క్షణం నుంచి వెనక్కి సగటు తీస్తే అది ఒక ముందస్తు నిర్ణయంలా కనిపిస్తుందనీ. నాకు ఈ వివరణే బలంగా అనిపిస్తుంది. కానీ ఇది ఎప్పుడు కదిలాం అన్నదానికి జవాబు. పాచికలు వేసి చేసిన పని స్వేచ్ఛగా చేసిన పని ఎలా అవుతుంది? మీ స్వేచ్ఛను నాయిస్‌లో వెతక్కండి, అక్కడ దొరకదు.

ఇక మీ స్వరం దగ్గరికి. అందులోని తేడాకు ఒక్క మూలం లేదు. కండరాలకు వెళ్లే ఆదేశం ఎంత బలంగా ఉంటే నాయిస్ అంత పెరుగుతుంది. క్రిస్ హారిస్, డేనియల్ వోల్పర్ట్ 1998లో చూపినట్టు మన కదలికలు నునుపుగా ఉండటానికి ఒక కారణం మెదడు ఈ నాయిస్‌ను లెక్కలో పెట్టుకుని దారి ఎంచుకోవడమే. ఇంకో వాటా కదలిక మొదలవక ముందే పుట్టేస్తుంది. మార్క్ చర్చ్‌లండ్, అఫ్షీన్ అఫ్షార్, కృష్ణ షెనాయ్ 2006లో బాగా తర్ఫీదు పొందిన కోతుల్లో చేతి వేగంలోని తేడాలో దాదాపు సగం, చెయ్యి కదలకముందు మెదడు సిద్ధమయ్యే దశలోనే పుట్టిందని కనిపెట్టారు.

మీకు వీలైతే ఒక పని చేయండి. ఒకే స్వరాన్ని యాభైసార్లు వాయించి రికార్డ్ చేసి, స్థాయిని ఏదైనా ట్యూనర్ యాప్‌తో కొలవండి. మొదట మీ మామూలు బలంతో, తర్వాత చాలా మెత్తగా. మెత్తగా వాయించినప్పుడు తేడా బాగా తగ్గితే అనవసరమైన బిగింపు ఒక కారణమని అర్థం, చెయ్యి వదులు చేస్తే ఫలితం ఉంటుంది. తగ్గకపోతే స్వరానికి ముందున్న క్షణం మీద దృష్టి పెట్టండి, వేలు ఆనక ముందు ఆ స్వరాన్ని లోపల వినగలుగుతున్నారా అని. ఇంకో యాభై, ఎదుట ఎవరినైనా కూర్చోబెట్టుకుని వాయించండి. ఒంటరిగా వాయించినప్పటి కన్నా తేడా తగ్గిందా, లేక టెన్షన్‌తో పెరిగిందా చూడండి. ఒంటరి సాధనలో మీ స్వరం కొంచెం ఎక్కువ ఊగి, ఎవరైనా వింటున్నప్పుడు కుదురుకుంటే మాత్రం దాన్ని సరిచేయడానికి ప్రయత్నించకండి. ఆ ఊగిసలాటలోంచే మీ చెవి మంచిదాన్ని ఏరుకుంటోంది.